పాత దెబ్బలు, కొత్త కేసు: గృహహింస విచారణలో గతం ఎంతవరకు చెల్లుతుంది?

క్లుప్తంగా: "ముందు కొట్టాడు కాబట్టి ఇప్పుడూ కొట్టే ఉంటాడు" అనే వాదనను సాక్ష్య చట్టం ఒప్పుకోదు. అదే పాత సంఘటనను ఉద్దేశం రుజువు చేయడానికో, ప్రమాదం అన్న వాదనను తిప్పికొట్టడానికో తెస్తే ఒప్పుకుంటుంది. భారతదేశంలో చాలా కేసుల్లో పాత హింసే అభియోగం కాబట్టి, దాన్ని చెప్పుకోవడం కన్నా రుజువు చేసుకోవడమే కష్టంగా ఉంటోంది.

ఇంట్లో జరిగిన హింస మీద కేసు నడిచినప్పుడల్లా రెండు మాటలు ఎదురెదురుగా వినిపిస్తాయి. పాత గొడవలన్నీ ఇప్పుడు తవ్వడానికి వీల్లేదని నిందితుడి తరఫు న్యాయవాది అంటారు. ఏళ్ల తరబడి జరిగింది చెప్పకపోతే ఆ రోజు జరిగింది ఎలా అర్థమవుతుందని ప్రాసిక్యూషన్ అడుగుతుంది. రెండింటికీ చట్టంలో ఆధారం ఉండటమే గందరగోళానికి మూలం. పాత సంఘటనను ఏం రుజువు చేయడానికి తెస్తున్నారు అన్న ప్రశ్న వేసుకుంటే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

## "అలాంటివాడు" అంటే చాలదు

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం, 2023లో 49వ సెక్షన్ ఈ విషయంలో మొదటి అడ్డుగోడ. నిందితుడి చెడు నడవడిక క్రిమినల్ కేసులో సంబంధం లేని విషయం అని అది చెబుతుంది. 1872 నాటి పాత చట్టంలో 54వ సెక్షన్‌గా ఉన్నది ఇదే. తాను మంచివాడినని నిందితుడే సాక్ష్యం తెస్తే మాత్రం తలుపు తెరుచుకుంటుంది. మంచి నడవడిక గురించి చెప్పుకునే హక్కు 47వ సెక్షన్ ఇస్తుంది. ఆ హక్కు వాడుకున్న మరుక్షణం దానికి బదులుగా చెడు నడవడిక సాక్ష్యం తెచ్చే అవకాశం ప్రాసిక్యూషన్‌కు వస్తుంది. "మా వాడు చీమకైనా హాని చేయడు" అని బంధువును బోనెక్కించే ముందు డిఫెన్స్ రెండుసార్లు ఆలోచించేది ఇందుకే.

ఈ గోడ కట్టడానికి కారణాలున్నాయి. ఒకసారి తప్పు చేసిన మనిషి మీద ఏ అభియోగం వచ్చినా నమ్మబుద్ధవుతుంది. ప్రస్తుత కేసులో రుజువు బలహీనంగా ఉన్నా, పాత తప్పుకైనా శిక్ష పడాలి కదా అనే ఆలోచన తీర్పులోకి జొరబడుతుంది. పైగా పదేళ్ల కిందటి ప్రతి సంఘటన మీదా నిందితుడు విడిగా సమాధానం చెప్పుకోవాల్సి వస్తే అసలు విచారణ పక్కకు పోతుంది.

అయితే అదే చట్టం ఒక ఉదాహరణతో గీత ఎక్కడ ఉందో చూపిస్తుంది. ఉద్దేశం, ద్వేషం, తెలిసి చేయడం వంటి మానసిక స్థితుల గురించి చెప్పే 12వ సెక్షన్ కింద ఒక కాల్పుల కేసు ఉంది. "బీ" అనే వ్యక్తిని కావాలనే కాల్చి చంపాడని "ఏ" అనే వ్యక్తి మీద అభియోగం. అంతకుముందు వేరే సందర్భాల్లో "ఏ" అదే "బీ" మీద కాల్పులు జరిపాడన్నది ఉద్దేశాన్ని చూపుతుంది కాబట్టి సంబంధమున్న విషయమే. "ఏ"కి జనాన్ని చంపే ఉద్దేశంతో కాల్చే అలవాటు ఉందన్నది మాత్రం సంబంధం లేనిది. పాత చట్టం 14వ సెక్షన్ నుంచి యథాతథంగా వచ్చిన ఈ ఉదాహరణలో గృహహింస అన్న ప్రస్తావనే లేదు. అయినా ఆ కేసులకు ఇంత సూటిగా సరిపోయే వాక్యాలు చట్టంలో ఇంకోచోట దొరకవు. "ఇతను కొట్టే రకం" అనేది చెల్లదు. "ఇతను ఈమెనే ఇంతకుముందూ కొట్టాడు" అనేది చెల్లుతుంది.

## గతమే నేరమైతే

పాత సంఘటనలు చెల్లుతాయా లేదా అన్న చర్చ అమెరికా వంటి దేశాల్లో ఎక్కువగా, మన దగ్గర తక్కువగా వినిపించడానికి కారణం నేరాన్ని నిర్వచించే తీరులో ఉంది. ఒక రాత్రి జరిగిన దాడి మీదే అభియోగం ఉంటే అంతకుముందు జరిగినవన్నీ "ఇతర చర్యలు" అవుతాయి. వాటిని తేవాలంటే ప్రత్యేక కారణం చూపాలి. 1983లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 498ఏ సెక్షన్ అలా కాదు. భర్త, అతని బంధువులు పెట్టే క్రూరహింసే అక్కడ నేరం. ఆత్మహత్యకు పురికొల్పేలాంటి ప్రవర్తన, తీవ్రమైన గాయం లేదా శారీరక, మానసిక ఆరోగ్యానికి ముప్పు తెచ్చే ప్రవర్తన, డబ్బు కోసం వేధింపు దాని కిందికి వస్తాయి. శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 85, 86 సెక్షన్లుగా కొనసాగుతోంది. కాపురంలో నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగిన తీరే అభియోగం అయినప్పుడు పాత దెబ్బలు, పాత బెదిరింపులు పక్క సాక్ష్యం కావు. వాటిని తీసేస్తే కేసే మిగలదు.

వరకట్న మృతి నేరం ఇంకో అడుగు ముందుకు వేసింది. 1986లో వచ్చిన 304బీ ఇప్పుడు న్యాయ సంహితలో 80వ సెక్షన్. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అసహజంగా మరణించి, మరణానికి కొద్దిముందు కట్నం కోసం వేధింపు జరిగిందని రుజువైతే, ఆ మరణానికి నిందితుడే కారకుడని కోర్టు భావించి తీరాలి. సాక్ష్య అధినియం 118వ సెక్షన్ పెట్టిన నిబంధన ఇది. ఆత్మహత్యకు ప్రేరేపించిన కేసుల్లో 117వ సెక్షన్ కూడా ఇలాంటి ఊహకు వీలిస్తుంది. కాకపోతే అక్కడ కోర్టు "భావించవచ్చు", ఇక్కడ "భావించాలి". అంటే గతంలోని హింస ఇక్కడ సాక్ష్యంగా ఉండటంతో ఆగదు, రుజువు భారాన్నే అటు నుంచి ఇటు మారుస్తుంది.

అందుకే "కొద్దిముందు" అన్న మాట మీద ఇన్ని తీర్పులు వచ్చాయి. సత్‌బీర్ సింగ్ కేసులో 2021లో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. కొద్దిముందు అంటే వెనువెంటనే అని అర్థం కాదు, వేధింపుకూ మరణానికీ మధ్య దగ్గరి, సజీవమైన సంబంధం ఉండాలి అంది. రోజుల లెక్క పెట్టుకోలేదు. మూడేళ్ల కిందట ఒక డిమాండ్ వచ్చి, రాజీ కుదిరి, ఆ తర్వాత ఏమీ లేకపోతే ఆ సంబంధం తెగిపోయిందని డిఫెన్స్ వాదించగలదు. రాజీ తర్వాత కూడా డిమాండ్లు సాగితే మొదటి సంఘటన కూడా గొలుసులో భాగమవుతుంది.

బ్రిటన్ ఈ దారికి ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 నాటి చట్టంలోని 76వ సెక్షన్, దగ్గరి సంబంధంలో ఉన్న మనిషిని పదేపదే లేదా నిరంతరంగా అదుపులో పెట్టే, బెదిరించి లొంగదీసే ప్రవర్తనను నేరం చేసింది. స్కాట్లండ్ 2018లో చేసిన చట్టం 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కనీసం రెండు సందర్భాలుంటే ప్రవర్తనా క్రమంగా లెక్కేస్తుంది. సాక్ష్య చట్టాన్ని సడలించకుండా నేర నిర్వచనాన్నే వెడల్పు చేయడం ఈ పద్ధతి. గతాన్ని దొడ్డిదారిన తేవాల్సిన పని తప్పుతుంది కాబట్టి ఇదే మెరుగైన దారి అనిపిస్తుంది.

## కారణం, ఉద్దేశం, "ప్రమాదం"

హత్య, తీవ్ర గాయం వంటి ఒకే సంఘటన మీద నడిచే కేసుల్లో గతం ప్రవేశించడానికి కొన్ని దారులున్నాయి. నేరానికి కారణం, సన్నాహం, ముందూ వెనకా ప్రవర్తన గురించి చెప్పేది సాక్ష్య అధినియం 6వ సెక్షన్. ఒకే వ్యవహారంలో భాగమైన విషయాలను 4వ సెక్షన్ రానిస్తుంది. దెబ్బలు తిన్న వెంటనే పొరుగింటికి పరుగెత్తి వచ్చి చెప్పిన మాటకు ఆ సెక్షన్ తోడ్పడుతుంది. మర్నాడు తీరిగ్గా చెప్పిన మాటకు అంత సులువుగా తోడ్పడదు.

అన్నిటికంటే బలమైన దారి 13వ సెక్షన్. ఒక పని పొరపాటున జరిగిందా, కావాలని చేసిందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, అలాంటి సంఘటనల వరుసలో అదొకటి అని చూపవచ్చు. ఇంటి నాలుగు గోడల మధ్య మరణాల్లో డిఫెన్స్ తరచూ చెప్పేది ప్రమాదం అనే కాబట్టి ఈ సెక్షన్ విలువ ఎక్కువ. ఇంగ్లండ్‌లో 1915లో జార్జ్ జోసెఫ్ స్మిత్ మీద జరిగిన విచారణ దీనికి పాఠ్యపుస్తకాల ఉదాహరణ. అతను పెళ్లాడిన ఒక స్త్రీ 1912లో స్నానాల తొట్టిలో మునిగి చనిపోయింది. విచారణ జరిగింది ఆమె మరణం మీదే. ఆ తర్వాత 1913లో ఒకామె, 1914 డిసెంబరులో ఇంకొకామె, ఇద్దరూ అతన్ని పెళ్లి చేసుకున్నవారే, అదే విధంగా తొట్టిలో చనిపోయారు. మిగిలిన రెండు మరణాల సాక్ష్యాన్ని కోర్టు అనుమతించింది. అతను చెడ్డవాడని చెప్పడం అక్కడ ఉద్దేశం కాదు. ఒక భార్య తొట్టిలో మునిగిపోవడం ప్రమాదం కావచ్చు. ముగ్గురు అలాగే పోవడాన్ని ప్రమాదమని నమ్మడం కష్టం. సాక్ష్యం బరువంతా ఆ అసంభావ్యతలో ఉంది.

పాత కేసు కొట్టేసి ఉంటే సంగతేమిటన్నది అంతగా చర్చకు రాని ప్రశ్న. ఇంగ్లండ్‌లో అప్పటి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ 2000 సంవత్సరంలో, గతంలో నిర్దోషిగా బయటపడిన సంఘటనలను కూడా కొత్త కేసులో సాక్ష్యంగా తేవచ్చంది. మన సుప్రీంకోర్టు 1956 నాటి ప్రీతమ్ సింగ్ కేసు నుంచి ఇందుకు భిన్నమైన దారి పట్టింది. ఒక విషయం మీద సమర్థమైన కోర్టు నిందితుడికి అనుకూలంగా తేల్చేశాక, అదే విషయం నిజమని రుజువు చేసే సాక్ష్యాన్ని తర్వాతి కేసులో అతనిపై వాడనివ్వదు. ఫిర్యాదు ఇచ్చి వెనక్కి తీసుకోవడం, స్టేషన్‌లోనే రాజీపడటం వేరు. అక్కడ కోర్టు ఏదీ తేల్చలేదు కాబట్టి ఈ అడ్డు రాదు. ఇంట్లోని కేసుల్లో ఎక్కువగా జరిగేదీ అదే.

## చనిపోయిన మనిషి చెప్పిన మాట

హింస మరణంతో ముగిసినప్పుడు గతం గురించి చెప్పాల్సిన ముఖ్య సాక్షే ఉండదు. ఆమె తల్లికి ఫోన్‌లో చెప్పింది, స్నేహితురాలికి రాసింది, వైద్యుడితో అన్నది మిగులుతుంది. మామూలు లెక్కన అది విన్నవాళ్లు చెప్పే మాట, చెల్లదు. ఇక్కడే భారత చట్టం కొన్ని దేశాల కంటే ఉదారంగా ఉంటుంది.

1937లో పూరీ రైల్వేస్టేషన్‌లో ఒక ట్రంకు పెట్టెలో శవం దొరికింది. చనిపోయింది పిఠాపురం దివాను కొలువులో బంట్రోతుగా పనిచేసిన వ్యక్తి. ఇల్లు విడిచే ముందు భార్యతో, బరంపురం వెళ్తున్నాను, నిందితుడి భార్య బాకీ డబ్బు తీసుకోవడానికి రమ్మని ఉత్తరం రాసింది అని చెప్పాడు. అప్పటికి అతనికి చావు భయం లేదు. పాకాల నారాయణస్వామి కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ 1939లో ఆ మాటను సాక్ష్యంగా ఒప్పుకుంది. ఆనాటి ఇంగ్లిష్ చట్టంలో మరణ వాంగ్మూలానికి చావు తప్పదన్న స్పృహ ఉండాల్సి వచ్చేది. మన చట్టంలో ఆ షరతు లేదు. మరణ కారణం లేదా ఆ మరణానికి దారితీసిన పరిస్థితుల గురించిన మాట అయితే చాలు. ఇప్పుడది సాక్ష్య అధినియం 26వ సెక్షన్‌లో మొదటి అంశం.

1984లో శరద్ బిర్ధిచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని కాపురానికి అన్వయించింది. కొత్తగా పెళ్లయిన యువతి తన అక్కచెల్లెళ్లలో ఒకరికీ, స్నేహితురాలికీ రాసిన ఉత్తరాలు చర్చకు వచ్చాయి. వేర్వేరు రోజుల్లో రాసినా, అవి మరణం వైపు సాగిన ఒకే కథలో భాగమైతే చెల్లుతాయని కోర్టు చెప్పింది. ఈ తీర్పును తలచుకునేటప్పుడు రెండో సగం మర్చిపోతుంటారు. ఆ ఉత్తరాల్లోని వేదనే, ఆమె ఆత్మహత్య చేసుకుని ఉండవచ్చన్న అవకాశాన్నీ తెరిచింది. అనుమానపు లాభం భర్తకు దక్కింది, అతను నిర్దోషిగా బయటపడ్డాడు. సాక్ష్యం చెల్లడం ఒకటి, దానితో కేసు గెలవడం మరొకటి.

ఇక్కడ ఒక విచిత్రమైన ఖాళీ చాలాకాలం ఉండిపోయింది. మరణానికి సంబంధించిన అభియోగం వీగిపోయి 498ఏ ఒక్కటే మిగిలితే, చనిపోయిన భార్య హింస గురించి చెప్పిన మాటలు దానికి పనికిరావని గణనాథ్ పట్నాయక్ కేసులో 2002లో సుప్రీంకోర్టు అంది. ఆమె బతికి ఉంటే స్వయంగా చెప్పగలిగేదే, చనిపోయినందువల్ల కోర్టుకు దక్కకుండా పోయింది. సురేంద్రన్ కేసులో 2022లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని సరిచేసింది. ఆ కేసులో ఆమె మరణానికి కారణం ప్రశ్నగా వచ్చి ఉండాలి, ఆ మాట మరణ కారణానికో, దానికి దారితీసిన పరిస్థితులకో సంబంధించినదై ఉండాలి. ఈ రెండూ ఉంటే 498ఏకీ ఆ వాంగ్మూలం చెల్లుతుంది.

అమెరికా ఇందుకు పూర్తిగా ఎదురు దిశలో నడిచింది. నిందితుడికి తనపై సాక్ష్యం చెప్పేవారిని ఎదురుగా ప్రశ్నించే రాజ్యాంగ హక్కు ఉంది. 2004లో క్రాఫర్డ్ తీర్పు, పోలీసులకు విచారణ కోసం ఇచ్చే వాంగ్మూలం లాంటిదాన్ని, ఇచ్చిన మనిషి క్రాస్ ఎగ్జామినేషన్‌కు దొరక్కపోతే తోసిపుచ్చమంది. 2006లో డేవిస్ కేసులో, ఆపదలో సాయం కోసం 911కు చేసిన ఫోన్ ఆ కోవలోకి రాదని మినహాయించింది. 2008లో జైల్స్ కేసు వచ్చింది. చనిపోయిన స్త్రీ అంతకు కొన్ని వారాల ముందే, నిందితుడు గొంతు పట్టుకుని చంపుతానని బెదిరించాడని పోలీసులకు చెప్పింది. అతనే ఆమెను చంపాడు కాబట్టి ప్రశ్నించే హక్కు పోగొట్టుకున్నాడని ప్రాసిక్యూషన్ వాదన. సాక్ష్యం చెప్పకుండా ఆపాలన్న ఉద్దేశంతో చంపితేనే ఆ హక్కు పోతుందని సుప్రీంకోర్టు 6–3తో తేల్చింది. బయటి సాయం కోరకుండా బెదిరిస్తూ వచ్చిన చరిత్ర ఆ ఉద్దేశాన్ని చూపవచ్చని కూడా ఒప్పుకుంది. అంటే గతాన్ని తేవడానికి మళ్లీ గతమే కావాల్సి వచ్చింది.

## కాలిఫోర్నియా పట్టిన దారి

1995లో మాజీ భార్య హత్య కేసులో అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మీద జరిగిన విచారణ ఈ చర్చను ఇంటింటికీ తీసుకెళ్లింది. మాజీ భార్య చేసిన 911 ఫోన్ల రికార్డింగులు జ్యూరీ వింది. ఆమె రాసుకున్న కాగితాలు మాత్రం జ్యూరీ ముందుకు రాలేదు. అతను నిర్దోషిగా బయటపడ్డాక 1996లో కాలిఫోర్నియా సాక్ష్య చట్టంలో రెండు మార్పులు చేసింది. ఒకటి, గాయం గురించి బాధితురాలు ఆ సమయంలోనే చెప్పి, రాతలోనో రికార్డులోనో ఉన్న మాటకు మినహాయింపు ఇచ్చే 1370వ సెక్షన్. పోలీసులకు చెప్పిన మాటల విషయంలో దీని పదును క్రాఫర్డ్ తర్వాత చాలా తగ్గింది. రెండోది 1109వ సెక్షన్. గృహహింస కేసులో నిందితుడి పాత గృహహింస చర్యలను, అతనికి ఆ ధోరణి ఉందని చూపడానికే నేరుగా తేవచ్చని అది చెబుతుంది. అంటే మన 49వ సెక్షన్ కాదన్నదాన్నే అది ఔనంటుంది. రెండు కళ్లేలున్నాయి. పదేళ్లకు మించిన పాత సంఘటన న్యాయం కోరితే తప్ప రాదు. ప్రతిదాన్నీ జడ్జి తూచి, పనికొచ్చేదానికన్నా పక్షపాతం రేపేదే ఎక్కువైతే ఆపేయాలి.

దీన్ని సమర్థించేవారు, ఈ నేరం ఒకసారితో ఆగదని, సాక్షులు లేని చోట జరుగుతుందని, బాధితులు తరచూ వెనక్కి తగ్గుతారని అంటారు. వ్యతిరేకించేవారు, దొంగతనానికి లేని వెసులుబాటు ఈ ఒక్క నేరానికే ఎందుకని అడుగుతారు. వెనక్కి తగ్గడమే సమస్య అయితే పాత ఫిర్యాదుల విషయంలోనూ జరిగింది అదే కదా అన్న ప్రశ్నకు సమర్థకుల దగ్గర గట్టి జవాబు లేదు.

## బోనులో ఆమే ఉంటే

హింస భరించిన స్త్రీ చివరికి అతన్ని చంపితే, పాత హింసను తవ్వాలనేది డిఫెన్స్, వద్దనేది ప్రాసిక్యూషన్. కెనడా సుప్రీంకోర్టు 1990లో లవాలీ కేసులో దీనికి దారి చూపింది. గది నుంచి బయటికి వెళ్తున్న మనిషిని ఆమె వెనక నుంచి తలపై కాల్చింది. బయటి కంటికి ఆత్మరక్షణ కాదు. కానీ పాత దెబ్బల చరిత్ర, నిపుణుల సాక్ష్యం ఉంటేనే ఆమె ప్రాణభయం సహేతుకమా కాదా తెలుస్తుందని కోర్టు అంది. మన దగ్గర గువాహటి హైకోర్టు 2013లో మంజు లక్రా కేసులో ఇదే దృక్పథంతో, భర్త మరణానికి ఆమెపై పడిన హత్యానేరాన్ని హత్య కాని మానవ హననంగా తగ్గించింది. ఆత్మరక్షణ, తీవ్రమైన ఆకస్మిక ప్రకోపం అనే రెండు మినహాయింపులూ ఆ క్షణాన్నే చూస్తాయి కాబట్టి ఏళ్ల చరిత్రను వాటిలో ఇమడ్చడం ఇప్పటికీ కష్టమే.

## గుమ్మం దాటాక

భారత క్రిమినల్ కోర్టులో జ్యూరీ లేదు. సాక్ష్యం చెల్లుతుందో లేదో తేల్చేదీ, చివరికి దాన్ని తూచేదీ ఒకే జడ్జి. వద్దని తోసిపుచ్చిన సంగతిని కూడా ఆ జడ్జి అప్పటికే విని ఉంటారు. అభ్యంతరాలను రాసుకుని విచారణ కొనసాగించి తుది తీర్పులో తేల్చాలని బిపిన్ శాంతిలాల్ పంచాల్ కేసు 2001లో చెప్పింది. ఆ పద్ధతి మంచిది కాదని, ప్రశ్న వచ్చినప్పుడే లేదా ఆ సాక్షి వాంగ్మూలం ముగిసేలోపు తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో మార్గం మార్చింది. ఏదేమైనా అసలు పోరు చెల్లుబాటు మీద కాక విశ్వసనీయత మీద జరుగుతుంది.

అందులో మొదటి దెబ్బ "కొత్తగా చేర్చారు" అన్న వాదనది. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లేని పాత సంఘటన కోర్టులో బయటికొస్తే, ముఖ్యమైనదాన్ని అప్పుడెందుకు చెప్పలేదని క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకుంటారు. ఫిర్యాదు రాసే చోట చివరి సంఘటనే రాసుకుని, "చాలాకాలంగా వేధిస్తున్నాడు" అని ఒక్క వాక్యంతో గతాన్ని ముగించడం మామూలు. ఆ ఒక్క వాక్యమే తర్వాత కేసును బలహీనం చేస్తుంది. కహ్‌కషాన్ కౌసర్ కేసులో 2022లో సుప్రీంకోర్టు, అత్తింటివారందరి మీదా గుండుగుత్తగా చేసిన ఆరోపణలతో విచారణకు పంపలేమని కేసు కొట్టేసింది. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారన్నది లేకపోతే గతానికి బరువుండదు.

ఆలస్యం రెండో అడ్డంకి. మూడేళ్ల శిక్ష ఉన్న నేరానికి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. అయితే 498ఏ కొనసాగే నేరమని అరుణ్ వ్యాస్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, చివరి చర్య గడువులో ఉంటే పాతవి వాటంతట రాలిపోవు. 2005 నాటి గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు ముందు రక్షణ, నివాసం, భృతి కోరే దరఖాస్తుకు ఆ పరిమితే వర్తించదని కామాక్షి కేసు 2022లో స్పష్టం చేసింది. చట్టం అమల్లోకి వచ్చిన 2006 అక్టోబరు 26కు ముందు జరిగినదాన్ని కూడా చూడవచ్చని 2012లో వి.డి. భానోత్ తీర్పు ఇచ్చింది. అది నిందితుడికి శిక్ష వేసే విచారణ కాదు, ఉపశమనం ఇచ్చే ప్రక్రియ. కాబట్టి గతం పట్ల అక్కడ తలుపులు మరింత తెరిచి ఉంటాయి. భార్యాభర్తల్లో ఎవరి గతమైనా ఆ రెండు వేదికల్లో ఒకే తీరుగా లెక్కకు వస్తుందనుకోవడం పొరపాటు.

ఇక కాగితాలు, ఫోన్లు. ఆస్పత్రి గాయాల సర్టిఫికెట్, పాత ఫిర్యాదు రసీదు, రక్షణాధికారి నింపిన గృహ సంఘటన నివేదిక, తేదీతో ఉన్న ఫొటో, సందేశాలు నోటిమాటకు వెన్నుదన్ను. సందేశాలు, రికార్డింగుల కాపీలకు సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అసలు ఫోన్‌నే కోర్టుకిస్తే తప్ప అది తప్పనిసరి అని పాత చట్టంలోని ఇలాంటి సెక్షన్‌పై 2020లో అర్జున్ పండిత్‌రావ్ తీర్పు చెప్పింది. భార్యాభర్తల మధ్య మాటలకు 128వ సెక్షన్ రక్షణ ఉన్నా, ఒకరిపై ఒకరు వేసుకున్న కేసుల్లో, ఒకరు మరొకరిపై చేసిన నేరం విచారణలో అది తొలగిపోతుంది. 2025 జులై 14న విభోర్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు, రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను కూడా దాంపత్య వివాదంలో సాక్ష్యంగా చూడవచ్చంది. ఆ రికార్డింగులు చేసింది భర్త, విడాకుల కేసులో భార్య క్రూరత్వాన్ని రుజువు చేయడానికి. రికార్డింగు మొత్తం ఇచ్చారా, కత్తిరించి ఇచ్చారా, గొంతులు ఎవరివి అన్న పరీక్షలు రెండు పక్షాలకూ ఒకటే.